జమాలుద్దీన్ అఫ్ఘానీ వారసత్వము

పందొమ్మిదవ శతాబ్దమున ముస్లిం దేశములను మేల్కొల్పిన వారిలో సయ్యద్ జమాలుద్దీన్ అఫ్ఘానీ ప్రముఖుడు. మతసంస్కర్తలు ఆయనను తమ గురువనిరి, జాతీయవాదులు తమవాడనిరి, ముస్లిం రాజ్యముల సమైక్యమును కోరినవారును తమ నాయకుడనిరి. ఒక్క మనుష్యుని ఇందరు తమవానిగా చెప్పుకొనుటకు కారణమేమి? సమాధానము కొంతవరకు మన హైదరాబాదులోనే లభించును.

ఆయన 1838 ప్రాంతమున ఇరానులో, హమదాను చెంతనున్న అసదాబాదులో జన్మించెనని పరిశోధకులలో పెక్కుమంది అభిప్రాయము. ఐనను తనను అఫ్ఘానునిగానే చెప్పుకొనెను. షియాల దేశమున పుట్టినవాడన్న పేరు సున్నీల నడుమ తన మాటకు అడ్డు రాకుండుటకే ఇట్లు చేసియుండవచ్చును. 1871 మొదలు ఎనిమిదేండ్లు కైరోలో తర్కమును, తత్త్వమును బోధించెను. ప్రసిద్ధ సంస్కర్త మహమ్మద్ అబ్దూ అచ్చటి శిష్యుడే. 1879లో ఖెదీవ్ తౌఫీఖ్ ఆయనను ఈజిప్టునుండి వెడలగొట్టెను.

అంతట భారతదేశమునకు వచ్చి, మొదటి సాలార్‌జంగు దివానుగా నున్న హైదరాబాదులో సుమారు రెండేండ్లు నివసించెను. ఇచ్చటనే 1881లో భౌతికవాదమును ఖండించుచు పారసీలో ఒక గ్రంథము వెలువరించెను. మతము సడలినచో సంఘమున నీతియు, కట్టుబాటును నిలువవని అందలి వాదము. ఆంగ్లేయులతో సఖ్యము కోరిన సర్ సయ్యద్ అహమ్మద్ ఖాన్ అనుయాయులు దానికి గురియైరి. ఆ దినములలోనే ‘ముఅల్లిమె షఫీఖ్’ అను హైదరాబాదు పత్రికలో ఆయన వేరొక మాట వ్రాసెను: ఈ లోకమున జనులను కలిపియుంచుటలో మతబంధముకంటె భాషాబంధము మన్నికైనది, శాస్త్రములను దేశభాషలో నేర్పవలెను. ఆయన ఉద్దేశించిన భాష ఉర్దూ. 1882లో కలకత్తాలో ఉపన్యసించుచు, విద్యను ముస్లిం విద్య, ఐరోపా విద్య యని విడదీసిన పండితులను గట్టిగా విమర్శించెను.

ఈ రెండు మాటలును పొసగవని తోచును. కాని గమ్యమొక్కటే: పరాయి పెత్తనము తొలగుట. వినువారినిబట్టి సాధనము మారుచుండెను. 1884లో అబ్దూతో కలిసి పారిస్‌లో నడిపిన అరబ్బీ పత్రిక ముస్లిముల ఐక్యమును చాటినది. అది 18 సంచికలతోనే ఆగిపోయినది.

1890లో ఇరాను షా తన దేశపు పొగాకు వ్యాపారము నంతయు ఒక ఆంగ్లేయునికి ధారాదత్తము చేసెను. మరుసటి యేట దేశబహిష్కృతుడైన అఫ్ఘానీ, షియా మతాచార్యుడైన మీర్జా హసన్ షీరాజీకి షాను దూషించుచు లేఖ వ్రాసెను. వర్తకులును, ఉలేమాలును అప్పటికే కదలియుండిరి. డిసెంబరులో పొగాకు నిషిద్ధమని షీరాజీ పేర ఆజ్ఞ వెలువడగా, జనులు హుక్కాలు కట్టిపెట్టిరి. 1892లో షా ఆ హక్కును రద్దు చేయక తప్పలేదు.

కాబూలు అమీరును, ఇరాను షాను, తుర్కీ సుల్తానును నమ్మి ఆయన ఆశాభంగము పొందెను. 1897లో ఇస్తాంబులులో, సుల్తాను నిఘాలో మరణించెను. 1944లో ఆయన అస్థికలను కాబూలునకు కొనిపోయిరి. రాజులవలన నెరవేరని పనిని హుక్కా విడిచిన సామాన్యులు సాధించిరి. ఆయన మాటలలో నచ్చిన సగమునే గైకొని తమవాడనువారు, హైదరాబాదు రచనలు రెంటిని పక్కపక్కన నుంచి చదువుట మేలు.