మూసిన ఫైలు, ఆగని నది

ఒకసారి తేలిన జల వివాదాన్ని మళ్లీ తెరవాలా? కృష్ణా పంపకం చెబుతున్న పాఠం

సూరత్ చేరువలోని కామ్‌రేజ్ దగ్గర తపతిని దాటిన జాతీయ రహదారి, ఉత్తరంగా సాగి భరూచ్ వద్ద నర్మదను దాటుతుంది. ఆ నర్మద నీటిలో గుజరాత్ వాటా 90 లక్షల ఎకరా-అడుగులని 1979 డిసెంబర్‌లో ట్రిబ్యునల్ తేల్చింది. 45 ఏళ్ల తర్వాత కావాలంటే పంపకాన్ని సమీక్షించవచ్చనీ చెప్పింది. ఆ గడువు 2024 డిసెంబర్‌తో తీరింది.

చాలాకాలంగా సద్దుమణిగిన తగాదాను మళ్లీ కదపడం సబబేనా? ఈ ప్రశ్న తెలుగువారికి కొత్తేమీ కాదు. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా జలాలను పంచుతూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు మొత్తం 811 టీఎంసీలు ఇచ్చింది. 1976లో గెజిట్‌కెక్కిన ఆ తీర్పును 2000 మే 31 తర్వాత సమీక్షించవచ్చన్న వెసులుబాటు అందులోనే ఉంది.

తాళం వేయాలనేవారి వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. తీర్పును నమ్ముకునే కాలువలు తవ్వుతారు, ఆయకట్టు స్థిరపడుతుంది. నాగార్జునసాగర్‌కు 281, కృష్ణా డెల్టాకు 181.2 టీఎంసీలన్న లెక్క మీద లక్షల కుటుంబాల సేద్యం నడుస్తోంది. అందుకే 1960 సెప్టెంబర్ నాటికే ఉన్న వాడకాలకు బచావత్ రక్షణ కల్పించింది. ట్రిబ్యునళ్లు అప్పటికే పరిష్కరించిన వివాదాలను తిరగదోడరాదని 2002లో పార్లమెంటు చట్టమే సవరించింది.

అయితే పాత తీర్పు నాటికి గొంతు లేనివారి సంగతేమిటి? జూరాలకు 17.84 టీఎంసీలు కేటాయించినప్పుడు, హైదరాబాద్ రాష్ట్రం చీలిపోకుంటే మహబూబ్‌నగర్ జిల్లాకు సాగునీటి అవకాశాలు మెరుగ్గా ఉండేవని బచావతే గుర్తించింది. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక, 1970లలో తన తరఫున వాదించేవారే లేరన్న ఫిర్యాదుకు బలం వచ్చింది. 2015లో కుదిరిన 512:299 టీఎంసీల సర్దుబాటు తాత్కాలికమే. చివరకు 2023 అక్టోబర్‌లో కేంద్ర మంత్రివర్గం రెండు రాష్ట్రాల మధ్య పంపకాన్ని బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పగించింది.

ఈ రెండు వాదనల మధ్య దారి ఎలా ఉంటుందో ఆ ట్రిబ్యునలే ఒకసారి చూపింది. 75 శాతం విశ్వసనీయత కింద బచావత్ పంచిన 2,130 టీఎంసీల జోలికి పోకుండా, ఆపైన లెక్కతేలిన 448 టీఎంసీలనే పంచింది. పాత వాటాలు పదిలం, చర్చ మిగులు మీదే. అయినా మిగులుపై ఆశలు పెట్టుకున్న ఆంధ్రప్రదేశ్‌కు అది రుచించలేదు. తీర్పును గెజిట్‌లో ప్రచురించకుండా 2011లో సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది.

కాబట్టి శాశ్వతంగా తాళం వేయడం అన్యాయం. ఎవరు కోరితే వారికి తలుపు తీయడం ప్రమాదకరం. కావలసింది ముందే రాసిపెట్టుకున్న తేదీ, లేదా కొత్త రాష్ట్రం పుట్టడం వంటి బలమైన కారణం. ఎండుతున్న పొలానికి మాత్రం ఈ రెంటికన్నా ముఖ్యమైంది ముగింపు. ట్రిబ్యునల్ మూడేళ్లలో, తప్పనిసరైతే మరో రెండేళ్లలో నివేదిక ఇవ్వాలని 2002 సవరణే చెబుతోంది. 2004లో ఏర్పాటైన ట్రిబ్యునల్ ముందుకు 2023లో కొత్త విచారణాంశాలు వచ్చి చేరాయి. తెరవడం కాదు, తెరిచినదాన్ని మూయలేకపోవడమే అసలు జబ్బు.