కొట్టమునకు మూడవ తీగ

సికింద్రాబాదు సీతాఫల్‌మండి వంటి పేటలలో ఇండ్లు గోడకు గోడ ఆనుకొని యుండును; పెరటిగదికి దీపము పెట్టుటకు నాలుగు గజముల తీగ చాలును. పల్లెలో పశువుల కొట్టము, పంపు గది దూరముగా నుండును. అచటికి రెండు తీగలు లాగి, దీపము వెలిగినదని పని ముగింతురు. మూడవదియగు ఎర్తు తీగను మరతురు.

తీగపై తొడుగు చెడి కరెంటు ఇనుప రేకులకో, మోటారుకో అంటినచో, ఎర్తు తీగ దానిని భూమిలోనికి కొనిపోవును. ఇందులకు రెండున్నర మీటర్ల జింకుపూత గొట్టమును బొగ్గు, ఉప్పు పొరల నడుమ నిలువున పాతి, వేసవిలో నీరు పోయుచుండవలెను.

గొట్టము పాతినంతనే భయము తీరదు. దాని నిరోధము 20 ఓములైనచో 230 వోల్టులకు ప్రవహించునది 11.5 ఆంపియర్లకు మించదు. 15 ఆంపియర్ల ఫ్యూజు కరగదు. రేకులలో కరెంటు నిలిచియే యుండును. కావున 30 మిల్లీ ఆంపియర్లు లీకైనంతనే సరఫరాను ఆపు బ్రేకరును కొట్టపు లైను మొదటనే అమర్చవలెనని మా సలహా. దాని పరీక్ష మీటను అప్పుడప్పుడు నొక్కి చూడవలెను.

న్యూట్రలునే ఎర్తుగా వాడుట మిక్కిలి చెడ్డ అలవాటు. అది దారిలో తెగినచో మోటారు ఒడలంతయు కరెంటెక్కును. పశువు ముందు వెనుక కాళ్ల నడుమ ఎడము ఎక్కువ. కరెంటు గుండె మీదుగా పోవును. మనిషికి జిల్లుమను చోట గేదె కూలవచ్చును. బట్టలారవేయు ఇనుప దండెమునకు ఈ తీగలను చుట్టనే రాదు.

పంచాయతీ మంచినీటి పంపు గదిలో ఎర్తు నిరోధమును లైసెన్సు గల పనివానిచే కొలిపించి, ఆ అంకెను రిజిస్టరులో వ్రాయింపుడు. కొలత ఎండాకాలముననే జరుగవలెను. తడినేలలో చెడ్డ ఎర్తు సైతము మంచిదిగా కనబడును.