పాత బొమ్మల మోటార్లు: పారేయకండి, పాడు కానివ్వకండి



మీ అబ్బాయో అమ్మాయో స్వీటు డబ్బాలో చిన్న చిన్న మోటార్లు దాచుకుంటున్నారా? విరిగిన బొమ్మ కారులోది ఒకటి, తాతయ్యగారి టేపు రికార్డరులోది ఒకటి, మూలపడ్డ సీడీ ప్లేయరులోది ఇంకొకటి. చూస్తుండగానే యాభై, వంద అవుతాయి. వాటిని పాత సామాన్లవాళ్లకు వేసేయకండి. 1821లో మైకేల్ ఫారడే విద్యుత్తుతో తీగను గుండ్రంగా తిప్పి చూపించారు. ఈ బుల్లి మోటార్లను తిప్పేదీ ఆ సూత్రమే. పుస్తకంలోని విద్యుదయస్కాంతత్వం పాఠాన్ని పిల్లలు చేత్తో పట్టుకుని చూడగలిగేది ఇక్కడే.

ఏవి పాడవుతాయి?

లోపలి అయస్కాంతం అంత తేలిగ్గా చెడిపోదు. ఇరుసు తిరిగే చోట నూనె ఎండి జిగురవుతుంది. కమ్యుటేటరు రాగి మీద నల్లటి పొర పడుతుంది. పైనున్న ఇనుప తొడుగు తుప్పు పడుతుంది. తేమ ఎక్కువైతే ఇవన్నీ త్వరగా జరుగుతాయి.

ఎలా దాచాలి?

• ముందు బొమ్మల్లోంచి బ్యాటరీలు తీసేయండి. కారిన బ్యాటరీ రసం రాగిని, ఇనుమును తినేస్తుంది.
• పాత రబ్బరు బెల్టులు తీసేయండి. అవి కరిగి ఇరుసుకు అంటుకుంటాయి.
• పొడి బ్రష్షుతో దుమ్ము దులపండి. ఇరుసు దగ్గర కుట్టుమిషను నూనె ఒక్క చుక్క చాలు. కొబ్బరినూనె వద్దు, జిగురవుతుంది. కమ్యుటేటరు మీద నూనె పడకూడదు.
• ఒక్కో మోటారును విడివిడి కవరులో పెట్టండి. కలిపి పోస్తే తీగలు తెగుతాయి, ఇనుప రజను అయస్కాంతానికి పట్టుకుంటుంది.
• గట్టి మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేయండి. కొత్త చెప్పులు, బ్యాగులతో వచ్చేవే సరిపోతాయి. కలరా ఉండలు వేయకండి, కొన్ని రకాల ప్లాస్టిక్ మెత్తబడుతుంది. స్పాంజి ముక్కలూ వద్దు, ఏళ్లు గడిస్తే పొడి రాలి అంటుకుంటాయి.
• ఏ వస్తువులోది, ఎన్ని వోల్టులది, ఏ సంవత్సరం దొరికింది అన్నది చీటీ మీద రాయించండి. చీటీ లేకపోతే పదేళ్ల తర్వాత ఏది దేనిదో ఎవరికీ గుర్తుండదు.

వానాకాలం జాగ్రత్త

2023 జూలైలో మున్నేరు పొంగి, మన కీసరకు దగ్గర్లో ఐతవరం వద్ద జాతీయ రహదారి మీదికి నీళ్లు వచ్చిన సంగతి మనందరికీ గుర్తే. అందుకే డబ్బాను మంచం కింద కాకుండా అటక మీద పెట్టండి. ఒకవేళ తడిస్తే వెంటనే బ్యాటరీ తగిలించకండి. బురద పోయేలా మంచినీళ్లతో కడిగి, నీడలో బాగా ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె చుక్క వేయండి.

వానాకాలం అయ్యాక ఒక ఆదివారం పిల్లలతో కూర్చోండి. బొమ్మ మోటారుకు ఒకటిన్నర వోల్టుల సెల్లు తగిలించి ఒక నిమిషం తిప్పనివ్వండి. తిరగకపోతే ఇరుసును వేళ్లతో మెల్లగా తిప్పి మళ్లీ చూడండి. టేపు రికార్డరు మోటార్లకు ఎక్కువ వోల్టులు కావాలి. ఒక్క సెల్లుకు తిరగలేదని అవి పాడయ్యాయనుకోకండి.

తప్పక గుర్తుంచుకోండి

ఈ మోటార్లను గోడ ప్లగ్గుకు ఎప్పుడూ కలపనివ్వకండి. బొమ్మల్లోంచి తీసిన బిళ్ల బ్యాటరీలు చిన్నపిల్లలకు అందకూడదు. మింగారన్న అనుమానం వచ్చినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

డబ్బా మీద పిల్లల పేరు వాళ్ల చేతే రాయించండి. అది తమదనుకుంటే జాగ్రత్త కూడా వాళ్లే నేర్చుకుంటారు.