మధ్యవర్తిత్వానికి 'సీట్' ఎక్కడ?

వివాదంలో ఉన్న ఇరుపక్షాలు తాము నమ్మిన వ్యక్తి తీర్పుకు కట్టుబడటాన్ని ఫిఖ్హ్ పరిభాషలో 'తహ్కీమ్' అంటారు. ఆ తీర్పరి 'హకమ్'. భార్యాభర్తల మధ్య విభేదాలు ముదిరితే ఇరువైపుల నుండి ఒక్కొక్క హకమ్‌ను నియమించమని దివ్య ఖుర్ఆన్ (4:35) ఆదేశిస్తున్నది.

మరి హకమ్ తీర్పు సరిగా లేదని తోస్తే ఎవరి వద్దకు పోవాలి? ఖాజీ వద్దకు. తీర్పు తన మజ్హబ్‌కు అనుగుణంగా ఉంటే ఖాజీ దానిని అమలు పరుస్తాడనీ, లేకుంటే రద్దు చేస్తాడనీ హనఫీ ఫుఖహాలు చెప్పారు. ఉస్మానియా ప్రభుత్వం 19వ శతాబ్దంలో రూపొందించిన 'మజల్లా' 1849వ అధికరణం సారాంశం కూడా ఇంచుమించు ఇదే. అంటే తీర్పు భవితవ్యం అది ఏ ఖాజీ ముందుకు వెళ్లిందన్న దానిపై చాలావరకు ఆధారపడి ఉంటుంది.

నేటి అంతర్జాతీయ వ్యాపారంలో ఆ 'ఖాజీ' ఎవరో ఒప్పందంలోనే నిర్ణయమవుతుంది. మధ్యవర్తిత్వం ఏ దేశపు చట్టం నీడలో జరుగుతుందో, తీర్పును రద్దు చేసే అధికారం ఏ దేశపు న్యాయస్థానాలకు ఉంటుందో ఆ చోటును న్యాయవాదులు 'సీట్' అంటారు. ఇది విచారణ జరిగే గది కాదు. హైదరాబాదు వర్తకుడొకడు దుబాయి వర్తకునితో ఒప్పందం చేసుకొని, సీట్ లండన్ అని రాసుకున్నాడనుకుందాం. సాక్షులందరినీ దుబాయిలోనే విచారించినా, చట్టం దృష్టిలో తీర్పు వెలువడింది లండన్‌లోనే. దానిని రద్దు చేయమని కోరవలసింది ఇంగ్లండు న్యాయస్థానాన్నే. 2012లో 'భారత్ అల్యూమినియం' కేసులో భారత సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా సీట్‌కే ప్రాధాన్యం ఇచ్చింది. సీట్ విదేశంలో ఉన్న తీర్పును మన న్యాయస్థానాలు రద్దు చేయజాలవు. ఇక్కడ అమలు కోరినప్పుడు మాత్రం పరిమిత కారణాలపై నిరాకరించవచ్చు.

సీట్ వేరు, వివాదాంశానికి వర్తించే చట్టం వేరు. సౌదీ అరేబియాకూ అరామ్కో కంపెనీకీ మధ్య చమురు రవాణా హక్కుపై నడిచిన వివాదంలో 1958లో తీర్పు వెలువడింది. మధ్యవర్తులు కూర్చున్నది జెనీవాలో. అయినా ఒప్పందాన్ని పరిశీలించినది ప్రధానంగా హంబలీ మజ్హబ్‌పై ఆధారపడిన సౌదీ చట్టం ప్రకారం.

ముస్లిం వర్తకునికి ఇందులో హలాల్ హరామ్‌ల సమస్య కూడా ఇమిడి ఉంది. ఇంగ్లండు 1996 చట్టం 49వ సెక్షన్ ప్రకారం, పక్షాలు మరోలా ఒప్పుకుంటే తప్ప, మధ్యవర్తులు చక్రవడ్డీని సైతం విధించవచ్చు. సౌదీ 2012 చట్టం ప్రకారమైతే, రద్దు పిటిషన్ విచారించే న్యాయస్థానం షరీఅత్‌కు విరుద్ధమైన తీర్పును తనంతట తానే కొట్టివేస్తుంది. కనుక ఆలోచించకుండా రాసిన ఒక్క ఊరి పేరు రిబా ద్వారాన్ని తెరవగలదు. అయితే, వడ్డీ విధించరాదన్న ఒక్క వాక్యం ఒప్పందంలో చేర్చుకుంటే ఇంగ్లండు చట్టం కూడా దానిని మన్నిస్తుంది.

అప్పు లావాదేవీలను రాసి ఉంచుకోమని దివ్య ఖుర్ఆన్ (2:282) బోధించింది. సీట్ ఎక్కడో, చట్టం ఏదో, వడ్డీ మాట ఏమిటో సంతకానికి ముందే స్పష్టంగా రాసుకోవడం ఆ బోధనలోని వివేకానికి తగిన పని.