పాలలో మత్తు ఉన్నదా? ఎంజైములు చేసే పని తెలుసుకుందాం



"సంకర ఆవు పాలలో నల్లమందు వంటి పదార్థం ఉన్నదట, నిజమేనా?" అని సంఘాల సభ్యులు అడుగుతున్నారు. పట్నాలలో "ఏ2 పాలు" అనే పేరుతో ఎక్కువ ధరకు అమ్మకాలు సాగుతున్నప్పుడు ఈ అనుమానం కలగడం సహజమే. అప్పు చేసి సంకరజాతి ఆవును కొన్న కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. కనుక ఈ మాట ఎక్కడ పుట్టిందో, అందులో నిజమెంతో ఇక్కడ వివరిస్తున్నాము.

శరీరమే తయారుచేసుకొనే నొప్పి మందు

నల్లమందులోని మార్ఫిన్ నొప్పిని అణచడానికి కారణం, మన నాడీ కణాల మీద దానికి సరిగ్గా అమరే గ్రాహకాలు ఉండటమే. తాళానికి తాళంచెవి అమరినట్లు ఇవి అమరుతాయి. అయితే గసగసాల మొక్క కోసం మన మెదడు తాళం పెట్టుకొని కూర్చోదు గదా! శరీరంలోనే అటువంటి తాళంచెవి ఉండాలని శాస్త్రజ్ఞులు వెదికారు. 1975లో స్కాట్లండ్‌లోని ఆబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్‌లిట్జ్ అనే శాస్త్రజ్ఞులు పంది మెదడు నుంచి ఆ పదార్థాలను వేరుచేసి, ఎన్‌కెఫలిన్లు అని పేరు పెట్టారు. ఇవి అయిదేసి అమైనో ఆమ్లాలు గల పొట్టి గొలుసులు. ఇటువంటి గొలుసులను పెప్టైడులు అంటారు. గొలుసు మొదట ఉండే టైరోసిన్ అనే అమైనో ఆమ్లమే గ్రాహకాన్ని పట్టుకోవడానికి ముఖ్యం.

పని కాగానే తెగిపోవాలి

నొప్పి తగ్గించమని వచ్చిన వార్త ఎల్లకాలం మోగుతూ ఉండరాదు. పాడి రైతుకు ఇది తెలిసిన సంగతే. పొదుగు కడిగి చన్నులు నిమిరితే ఆవు పాలు చేపుతుంది. మెదడు నుంచి రక్తంలోకి వచ్చే ఆక్సిటోసిన్ వల్ల ఇది జరుగుతుంది. అది తొమ్మిది అమైనో ఆమ్లాల పెప్టైడు. కొద్ది నిమిషాలలోనే రక్తంలో తగ్గిపోతుంది. చేపిన వెంటనే ఆపకుండా పితకాలని చెప్పేది అందుకే.

ఎన్‌కెఫలిన్లు ఇంకా త్వరగా తెగిపోతాయి. ఈ పనిని ముఖ్యంగా రెండు ఎంజైములు చేస్తాయి. ఇవి కణాల పై పొర మీదనే ఉంటాయి. రెండింటిలోనూ జింకు ఉంటుంది. అమైనోపెప్టిడేజ్-ఎన్ అనేది మొదటి టైరోసిన్‌ను విడగొడుతుంది. నెప్రిలైసిన్ అనేది మూడవ, నాలుగవ అమైనో ఆమ్లాల మధ్య కత్తిరిస్తుంది. ఏ ఒక్క కోత పడినా మిగిలిన ముక్క తాళంలో పట్టదు.

ఈ కత్తెరను కొంతసేపు ఆపి మేలు పొందడం కూడా ఉన్నది. విరేచనాలకు డాక్టర్లు వ్రాసే రాసికాడోట్రిల్ అనే మందు పేగులోని నెప్రిలైసిన్‌ను ఆపుతుంది. దానితో ఎన్‌కెఫలిన్లు ఎక్కువసేపు నిలిచి, పేగులోకి నీరు ఊరడం తగ్గుతుంది.

పాలలోని పెప్టైడు సంగతి

1979లో జర్మనీ శాస్త్రజ్ఞులు పాల కేసీన్ అరిగినప్పుడు వచ్చే పదార్థాలలో మార్ఫిన్ లక్షణం గల పెప్టైడును కనుగొని, బీటా-కేసోమార్ఫిన్ అన్నారు. దీనిలో ఏడు అమైనో ఆమ్లాలు. మొదటిది టైరోసినే.

ఆవు పాల బీటా-కేసీన్ గొలుసులో 209 అమైనో ఆమ్లాలు ఉంటాయి. 67వ స్థానంలో ప్రోలిన్ ఉంటే ఏ2 రకం, హిస్టిడిన్ ఉంటే ఏ1 రకం. ఏ1 రకం అక్కడ సులభంగా తెగి, ఈ ఏడింటి ముక్క బయటపడుతుంది. ఏ2 రకంలో ఆ కోత కష్టం. గేదె పాలు ఏ2 రకమే. ఒంగోలు, గిర్, సాహివాల్ వంటి దేశవాళీ ఆవులలో దాదాపు అంతా ఏ2. హోల్‌స్టీన్‌లో రెండూ ఉన్నాయి. సంకర ఆవుకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి సంక్రమిస్తాయి కనుక సంకర ఆవు పాలన్నీ ఏ1 అనడం తప్పు.

మరి బయటపడిన ముక్క ఏమవుతుంది? దానిలో రెండవ, నాలుగవ, ఆరవ స్థానాలలో ప్రోలిన్ ఉన్నది. ప్రోలిన్ ఉన్నచోట మామూలు ఎంజైములకు కోత సాగదు. అందుకు వేరే కత్తెర ఉన్నది. డైపెప్టిడైల్ పెప్టిడేజ్-4 అనే ఈ ఎంజైము పేగు గోడ మీద, రక్తంలో కూడా ఉంటుంది. మొదటి నుంచి రెండు లెక్కపెట్టి, ప్రోలిన్ తరువాత కోస్తుంది. మొదటి కోతకే టైరోసిన్ పోతుంది, దానితో పట్టు పోతుంది. ఇది దాటి మెదడు వరకు చేరడం చాలా కష్టం. పాలు త్రాగినవారికి మత్తు ఎక్కకపోవడానికి ఇదొక కారణం.

నిజమెంత?

ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2009లో పరిశోధనలన్నీ పరిశీలించి, ఈ పెప్టైడు వల్ల మధుమేహం, గుండె జబ్బు వంటివి వస్తాయని నిర్ధారించడానికి ఆధారం లేదని తేల్చింది. ఏ1 పాలతో కొందరికి కడుపు ఉబ్బరం, అసౌకర్యం ఎక్కువగా ఉన్నట్లు కొన్ని చిన్న పరిశోధనలలో కనిపించిన మాట నిజమే. దానిని దాచనక్కరలేదు, పెంచి చెప్పనక్కరలేదు. మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2024 ఆగస్టు 21న ఏ1, ఏ2 అనే ప్రచారాన్ని ప్యాకెట్ల నుంచి తొలగించమని సూచించి, ఆగస్టు 26న ఆ సూచనను ఉపసంహరించుకున్నది.

కార్యదర్శులకు సూచనలు

1. ఏ1, ఏ2 తేడా పశువు పుట్టుకతో వచ్చేది. దాణా మార్చినా, పాలు కాచినా మారదు. వెన్న శాతం చూసి చెప్పలేము. పశువు వెంట్రుక లేక రక్తం నమూనాతో చేసే జన్యు పరీక్ష వల్ల తెలుస్తుంది.

2. పాలలోని చక్కెర అరగనివారికి, పాల మాంసకృత్తులు పడనివారికి ఏ2 పాలు మందు కాదు. అటువంటివారు డాక్టరును సంప్రదించాలి.

3. ఈ భయంతో ఎవరూ మంచి పాడి ఆవును తక్కువ ధరకు అమ్ముకోవద్దు. ఏ2 రకం కావాలనుకొనే సభ్యులు కృత్రిమ గర్భోత్పత్తి సమయంలో ఆ రకం ఆబోతు వీర్యం గురించి పశువైద్యుని అడగవచ్చు.

శుభ్రమైన చేతులతో పితికి, వెంటనే కేంద్రానికి చేర్చిన పాలు మంచి పాలు. ఈ విషయం వచ్చే సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించ ప్రార్థన.