కమాండర్ కడుపులో రహస్యం

యుద్ధ ఖైదీని పట్టుకున్నవాళ్లు అడిగే ప్రశ్నలు ఎక్కడైనా దాదాపు ఒకటే. ఏ దళం? ఏ నౌక? రేపటి దాడి ఎక్కడ? అమెరికా నౌకాదళ కమాండర్ జేమ్స్ స్టాక్‌డేల్‌ని 1965లో హనోయి జైలుకు తెచ్చినప్పుడు అతన్ని భయపెట్టినవి ఈ ప్రశ్నలు కావు. వేరే ప్రశ్న ఒకటుంది. అది ఎవరి నోటైనా వస్తుందేమోనని ఏడున్నరేళ్లు బిక్కుబిక్కుమంటూ గడిపాడు. ‘కిందటేడు ఆగస్టు 4 రాత్రి టోంకిన్ సింధుశాఖ మీద ఎగిరింది నువ్వే కదా, అక్కడ ఏం చూశావు?’

చూసింది ఏమీ లేదు. అదే అసలు రహస్యం.

1964 ఆగస్టు 2న ఉత్తర వియత్నాం తీరంలో అమెరికా యుద్ధనౌక ‘మాడాక్స్’ మీదికి మూడు టార్పెడో పడవలు దూసుకొచ్చిన మాట నిజం. వాటిని తరిమికొట్టిన విమానాల్లో స్టాక్‌డేల్‌దీ ఒకటి. రెండు రోజుల తర్వాత, 4వ తేదీ రాత్రి, ‘మాడాక్స్’ నుంచి, దాని తోడు నౌక ‘టర్నర్ జాయ్’ నుంచి మళ్లీ కబురు: మా మీద దాడి జరుగుతోంది అని. ‘టికొండెరోగా’ విమానవాహక నౌక మీది నుంచి స్టాక్‌డేల్ ఎఫ్-8 క్రూసేడర్ తీసుకుని లేచాడు. కారుచీకటి, ముసురు. నీళ్లకు ఆనుకుని గంటన్నరకు పైగా ఆ నౌకల చుట్టూ తిరిగాడు. పడవ లేదు. పడవ వెనక నురగ చార లేదు. ఎదురు కాల్పులూ లేవు. అమెరికా నౌకలు మాత్రం చీకట్లోకి గుళ్లు కురిపిస్తున్నాయి.

తిరిగొచ్చి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. తెల్లవారకముందే లేపి, వాషింగ్టన్ నుంచి ఆజ్ఞ వచ్చింది, ప్రతీకార దాడికి నువ్వే ముందుండాలి అన్నారు. దేనికి ప్రతీకారం అని మనసులో అనుకున్నాడు. అనుకుని, వెళ్లాడు. విన్ పట్టణంలో చమురు నిల్వల మీద దాడి చేసి వచ్చాడు. అదే రోజు హాన్ గాయ్ దగ్గర ఎవరెట్ అల్వరెజ్ అనే కుర్ర నౌకాదళ పైలట్ విమానం కూలింది. ఉత్తర వియత్నాం చేతికి చిక్కిన మొదటి అమెరికన్ పైలట్ అతనే. ఎనిమిదిన్నరేళ్లు అక్కడే ఉండిపోయాడు. ఆగస్టు 7న అమెరికా కాంగ్రెస్ అధ్యక్షుడు జాన్సన్‌కి యుద్ధం చేసుకోమని పగ్గాలు అప్పజెప్పింది. ప్రతినిధుల సభలో 416–0, సెనేట్‌లో 88–2.

స్టాక్‌డేల్‌ని వీరుడిగా పొగిడే రాతలు ఈ ఘట్టాన్ని చప్పున దాటేస్తాయి. ‘గుడ్ టు గ్రేట్’ పుస్తకం పుణ్యమా అని మేనేజ్‌మెంట్ పాఠాలు విన్నవాళ్లందరికీ ‘స్టాక్‌డేల్ పారడాక్స్’ తెలుసు: ఈ క్రిస్మస్‌కల్లా ఇంటికెళ్తామనుకున్నవాళ్లు ముందు కుంగిపోయారు, నమ్మకం వదలకుండానే నిజాన్ని నిజంగా చూసినవాళ్లు నిలబడ్డారు అని. పాఠం మంచిదే. కానీ అది చెప్పిన మనిషి, అబద్ధం మీద మొదలైన యుద్ధంలో, అది అబద్ధమని తెలిసే పోరాడాడన్న ముక్క ఆ తరగతుల్లో వినపడదు.

1965 సెప్టెంబరు 9న ‘ఒరిస్కనీ’ నౌక నుంచి ఎ-4 స్కైహాక్‌లో బయల్దేరిన స్టాక్‌డేల్‌ని విమాన విధ్వంసక తుపాకులు కొట్టాయి. పారాచూట్ అతన్ని ఒక చిన్న ఊరి నడివీధిలో దించింది. జనం మీదపడి చావగొట్టారు. ఎడమ మోకాలు విరిగింది. సరైన వైద్యం అందక ఆ కాలు బతికినన్నాళ్లూ మడత పడలేదు.

కిందికి దిగుతున్నప్పుడు అతనికి గుర్తొచ్చింది ఎపిక్టెటస్ అట. రోమన్ కాలపు బానిస, కుంటివాడు, తత్వవేత్త. మన చేతిలో ఉన్నదేది, లేనిదేది అని తేల్చుకోవడమే అతని బోధ సారం. స్టాన్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో ఒక ప్రొఫెసర్ ఆ బోధల చిన్న పుస్తకం చేతిలో పెట్టాడు. యుద్ధ విమానాలు నడిపేవాడికి ఇదెందుకని అప్పుడు అనుకున్నాడట కానీ, ఆ తర్వాత నౌక మీద అతని పడక పక్కన ఉండేది అదే.

హనోయిలోని హోవా లో జైలు ఫ్రెంచివాళ్లు 1890ల్లో వియత్నామీ ఖైదీల కోసం కట్టింది. ఆ గోడల మధ్య సంకెళ్లు మోసిన కమ్యూనిస్టులే అప్పటికి ఉత్తర వియత్నాంను ఏలుతున్నారు. అమెరికన్లను వాళ్లు యుద్ధ ఖైదీలుగా గుర్తించలేదు. యుద్ధం ప్రకటించకుండా మా ఊళ్ల మీద బాంబులు వేశారు కాబట్టి నేరస్థులు అన్నారు. బాంబులు పడింది నిజం. కాబట్టి ఆ కోపాన్ని కొట్టిపారేయలేం. కానీ జైల్లో జరిగింది కోపంతో చేసింది కాదు, లెక్క ప్రకారం చేసింది. కావలసింది సైనిక సమాచారం కన్నా ఒప్పుకోలు: కెమెరా ముందు కూర్చుని, నేను నేరం చేశాను అని చెప్పడం. దానికి తాళ్లు వాడేవారు. మోచేతులు వెనక్కి విరిచి, ఒకదానికొకటి తాకేలా బిగించి, తల పాదాల మీదికి వంచి తొక్కేవారు. చేతుల్లో రక్తం ఆగిపోయేది, ఊపిరాడేది కాదు.

అమెరికా సైన్యానికి 1955 నుంచి ఒక నియమావళి ఉంది. పట్టుబడితే పేరు, హోదా, సర్వీసు నంబరు, పుట్టిన తేదీ వరకు చెప్పవచ్చు. అంతకు మించి నోరు విప్పకుండా ఉండటానికి శాయశక్తులా ప్రయత్నించాలి. కాగితం మీద బాగుంది. తాళ్ల ముందు అది నిలవదని స్టాక్‌డేల్‌కి మొదటి నెలల్లోనే తెలిసింది. ప్రతివాడూ లొంగాడు. తానూ లొంగాడు. లొంగినవాడు కొట్లోకి తిరిగొచ్చి, ద్రోహం చేశానని కుమిలిపోయేవాడు. పక్క కొట్లోవాడు పలకరించినా పలికేవాడు కాదు. మనిషి చితికిపోయేది దెబ్బలకు కాదు, ఈ సిగ్గుకు.

అందుకే జైల్లో ఉన్న నౌకాదళం వాళ్లలో పెద్దవాడిగా అతను నియమాలనే మార్చాడు. నాకు కనిపించినంతలో అతని గొప్పతనమంతా ఇక్కడే ఉంది. జనం ముందు వంగి దండం పెట్టొద్దు. రేడియోలో మాట్లాడొద్దు. నేరం ఒప్పుకోవద్దు. విడుదలయ్యే రోజున వాళ్లకు కృతజ్ఞతలు చెప్పొద్దు. అందరికన్నా ముందు ఎవరూ ఒంటరిగా ఇంటిదారి పట్టొద్దు. వీటి కోసం దెబ్బలు తినాల్సి వస్తే తినాలి. ఇక తట్టుకోలేమన్నప్పుడు లొంగవచ్చు. కానీ మర్నాడు వాళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలెట్టేలా చేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, లోపల ఏం జరిగిందో వచ్చి గోడ అవతలివాడికి దాచకుండా చెప్పుకోవాలి.

గోడ అవతలికి ఎలా? కార్లైల్ హారిస్ అనే వైమానిక దళ పైలట్‌కి శిక్షణ రోజుల్లో ఎవరో మాటవరసకు చెప్పిన పద్ధతి గుర్తుంది. పిల్లలు నోటుబుక్కులో గీసుకునే ఆటలోలాగా ఐదు వరుసలు, ఐదు నిలువు గళ్లు. ఇరవై ఐదు గళ్లలో ఇరవై ఐదు ఇంగ్లిషు అక్షరాలు. ‘కె’ బదులు ‘సి’ వాడుకోవాలి. ముందు కొట్టే దెబ్బలు ఎన్నో వరుసో చెబుతాయి, తర్వాతివి ఎన్నో గడో. అవతల ఉన్నది మనవాడేనా అని తెలుసుకోవడానికి అమెరికాలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన ఐదు దెబ్బల దరువు కొట్టేవారు. జవాబుగా రెండు దెబ్బలు వస్తే మనవాడే. తాగే కప్పు గోడకు ఆనించి చెవి పెట్టేవారు. చీపురుతో ఊడుస్తూ, దగ్గుతూ, బట్టలు ఉతుకుతూ కూడా అవే లెక్కలు. రాత్రి పడుకోబోయే ముందు గోడల మీద మూడు అక్షరాలు వినిపించేవి: జి, బి, యు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి అని.

ఆ పట్టుదలకు జైలు బయట కూడా ఒక సాక్ష్యం దొరికింది. 1966 మేలో జెరెమయా డెంటన్ అనే మరో నౌకాదళ పైలట్‌ని టీవీ కెమెరా ముందు కూర్చోబెట్టారు. లైట్లకు కళ్లు మిరుమిట్లు గొలుపుతున్నట్టు నటిస్తూ, రెప్పలతోనే మోర్స్ సంకేతాల్లో ‘చిత్రహింస’ అనే మాట చెప్పాడు. అక్కడ ఏం జరుగుతోందో అమెరికాకు తెలిసింది అలా.

స్టాక్‌డేల్‌కి మాత్రం ఆ పని చేసిపెట్టింది భార్య. కాలిఫోర్నియాలోని కొరొనాడోలో నలుగురు కొడుకులతో ఉన్న సిబిల్ నౌకాదళ నిఘా విభాగంతో కలిసి ఒక ఉత్తరం పంపింది. లోపల ఫొటో, సముద్రంలో స్నానం చేస్తున్న ఒకావిడ, మీ అమ్మ అని. చూస్తే అమ్మ కాదు. ఇందులో ఏదో మతలబు ఉందనుకుని, కొట్లో వేరే ద్రవం ఏముంటుంది, మూత్రంలో నానబెట్టాడు. పొర ఊడింది, లోపల సందేశం: ఈ ఉత్తరం కాగితమే కంటికి కనపడని కార్బన్ పేపరు. దాంతో ఖైదీల పేర్లు ఒక్కొక్కటిగా ఇంటి ఉత్తరాల చాటున వాషింగ్టన్ చేరాయి. అటు ప్రభుత్వం కుటుంబాలను నోరు మెదపొద్దంటుంటే, ఆమె 1968లో పత్రికల ముందుకొచ్చింది. ఖైదీల కుటుంబాలను కూడగట్టి జాతీయ సంఘం పెట్టింది. ఇద్దరిలో ఎవరు గట్టివాళ్లంటే నా ఓటు సిబిల్‌కే.

1967 అక్టోబరులో, మిగతావాళ్లను ఎగదోస్తున్నారని స్టాక్‌డేల్‌తో సహా పదకొండు మంది ఖైదీలను ఏరి వేరే చోట పెట్టారు. దానికి అమెరికాలోని పేరుమోసిన జైలు ‘అల్కట్రాజ్’ పేరు వాళ్లే పెట్టుకున్నారు. కిటికీల్లేని ఇరుకు కొట్లు, రాత్రంతా ఆరని బల్బు, కాళ్లకు సంకెళ్లు. పదిమందే ప్రాణాలతో ఇంటికొచ్చారు. 1969లో స్టాక్‌డేల్‌ని సినిమా తీయడానికి ముస్తాబు చేయబోతే, గడ్డం గీసుకోమని ఇచ్చిన బ్లేడుతో నెత్తి చీరుకున్నాడు. టోపీ పెడతామన్నారు. ముక్కాలి పీటతో మొహం వాచి కళ్లు మూసుకుపోయేదాకా బాదుకున్నాడు. సినిమా ఆగిపోయింది. ఆ సెప్టెంబరులో మళ్లీ తాళ్లు తప్పవని తెలిసి, తన నోటి నుంచి తోటివాళ్ల పేర్లు వస్తాయని భయపడి, కిటికీ అద్దం పగలగొట్టి మణికట్లు కోసుకున్నాడు. కాపలావాళ్లు బతికించారు. అవే రోజుల్లో ఉత్తర వియత్నాం అధ్యక్షుడు హో చి మిన్ చనిపోయాడు. ఆ తర్వాత చిత్రహింసలు బాగా తగ్గాయి.

1973 ఫిబ్రవరి 12న విడుదల. 1976లో మెడల్ ఆఫ్ ఆనర్. 1992లో ఉపాధ్యక్ష పదవికి పోటీపడి, టీవీ చర్చలో తడబడితే దేశమంతా నవ్వింది. ఆ నవ్విన జనానికి నాలుగేళ్లకు పైబడిన ఏకాంత కారాగారం సంగతి ఎంత తెలుసో!

ఆ ఆగస్టు రాత్రి సంగతి జైల్లో పొక్కలేదు. తాళ్ల కింద అది బయటపడి ఉంటే హనోయి రేడియోకి అంతకన్నా పెద్ద వార్త ఉండేది కాదు. 1984లో సిబిల్‌తో కలిసి రాసిన ‘ఇన్ లవ్ అండ్ వార్’లో అతనే విప్పి చెప్పాడు. పడవల్లేవు, ఆ చీకట్లో అందరికన్నా బాగా చూడగలిగిన చోట ఉన్నది నేనే అని. చాలామంది నమ్మలేదు. 1995లో హనోయికి వెళ్లిన మాజీ రక్షణ మంత్రి మెక్‌నమారాకి యుద్ధకాలంలో ఉత్తర వియత్నాం సేనాని అయిన జనరల్ గియాప్ కూడా ఆ రాత్రి ఏమీ జరగలేదనే చెప్పాడు. స్టాక్‌డేల్ 2005 జులై 5న చనిపోయాడు. అదే ఏడాది చివర్లో అమెరికా జాతీయ భద్రతా సంస్థ తన రహస్య అధ్యయనాన్ని బయటపెట్టింది. ఆగస్టు 4న దాడి జరగలేదని, పైకి పంపిన నిఘా సమాచారంలో దాడి జరిగిందన్న మాటకు విరుద్ధమైనవన్నీ పక్కన పెట్టేశారని ఆ సంస్థ సొంత చరిత్రకారుడే అందులో రాశాడు.