సున్నపురాతి నీటి వయసెంత?

నేలలోంచి తోడిన నీరు ఎన్నాళ్లనాటి వానదో కార్బన్-14తో తేల్చే ప్రయత్నం జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో మొదలైంది. కార్ల్ ఓటో మ్యూనిష్ 1957లో కఠినజలంలోని కార్బన్-14ను కొలిచి ఫలితాలు ప్రచురించాడు. బొగ్గుకూ పాత కొయ్యకూ వయసు చెప్పడానికి విల్లార్డ్ లిబీ కనిపెట్టిన పద్ధతి అలా నీటికి చేరింది. ఊహ సులువైనదే. వేళ్లూ సూక్ష్మజీవులూ నేలలో వదిలే కార్బన్ డయాక్సైడును కలుపుకొని వాననీరు లోపలికి దిగుతుంది. అక్కడితో కొత్త కార్బన్ రాక ఆగిపోతుంది, ఉన్న కార్బన్-14 ప్రతి 5,730 ఏళ్లకూ సగమవుతూ పోతుంది. ఎంత మిగిలిందో చూస్తే ఎంతకాలమైందో తెలియాలి. సున్నం లేని ఇసుకరాళ్లలో ఈ లెక్క చాలామటుకు నడుస్తుంది, సున్నపురాతిలో నడవదు. అక్కడ నీటి వయసు యంత్రం చెప్పే అంకె కాదు. దారిలో ఆ నీరు ఏ రాయిని కరిగించిందో, దేన్ని వదిలేసిందో తేలాకే వయసు తేలుతుంది. ఐసోటోపుల లెక్కకు రసాయనశాస్త్రం అక్కడ తోడు మాత్రమే అనడం తప్పు, సగం లెక్క దానిదే.

చిక్కంతా కరగడంలోనే ఉంది. కార్బన్ డయాక్సైడు కలిసిన నీరు బలహీనమైన ఆమ్లం. బెలూం గుహలను తొలిచింది ఇలాంటి నీరే. అది కాల్సైట్‌ను కరిగించినప్పుడు పుట్టే ప్రతి రెండు బైకార్బొనేట్లలో ఒక కార్బన్ నేలలోని వాయువుది, రెండోది రాతిది. కోట్ల ఏళ్లనాటి రాతిలో కార్బన్-14 ఆనవాలు కూడా ఉండదు. కాబట్టి నిన్న ఇంకిన వాన సైతం 5,730 ఏళ్ల ముసలిదిగా కనిపించవచ్చు. పాలలో నీళ్లు ఎంత కలిశాయో చెప్పే లాక్టోమీటరు లాంటిది ఇక్కడొకటి కావాలి. ఆ పని కార్బన్-13 చేస్తుంది. ఇది కాలంతో తరగదు. ప్రామాణికంతో పోలిస్తే చెట్లుచేమల నేలవాయువులో ఇది వెయ్యికి సుమారు 25 పాళ్లు తక్కువ, సముద్రంలో ఏర్పడ్డ సున్నపురాతిలో దాదాపు సమానం. నీటిలో 12 పాళ్లు తక్కువగా కనిపిస్తే కలిసింది సగంసగం అన్నమాట. ఇంగర్‌సన్, పియర్సన్ 1964లో ఈ తర్కాన్ని సూత్రంగా మలిచారు. అయితే 25 అన్నచోటల్లా 25 ఉండదు. జొన్న, మొక్కజొన్న లాంటి పైర్లు కార్బన్‌ను మరో రకంగా పట్టుకుంటాయి కనుక వాటి లోటు 12, 13 పాళ్లే. వరిచేను కింది నీటికీ జొన్నచేను కింది నీటికీ ఒకే అంకె వేస్తే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

ఇంతకన్నా గడుసు మలుపు లోతున ఉంది. అమెరికాలో మోంటానా, వయోమింగ్, సౌత్ డకోటా రాష్ట్రాల కింద పరుచుకున్న మాడిసన్ సున్నపురాతి పొరపై నీల్ ప్లమర్, బ్రూస్ హాన్‌షా తదితరులు 1990లో ప్రచురించిన పని దీన్ని చక్కగా విప్పింది. ఆ పొరలో కాల్సైట్‌తోపాటు డోలమైట్, జిప్సం ఉన్నాయి. జిప్సం కరిగితే నీటిలోకి కాల్షియం వస్తుంది. అప్పటికే పట్టగలిగినంత కాల్సైట్ పట్టిన నీరు ఆ అదనాన్ని మోయలేక కాల్సైట్‌ను కక్కేస్తుంది, దాంతోపాటే కొంత కార్బన్-14 పోతుంది. కార్బొనేట్ తగ్గిన ఆ నీటిలో డోలమైట్ కరిగి, కార్బన్-14 లేని పాత కార్బన్ వచ్చి చేరుతుంది. పోయినదీ వచ్చినదీ ఇంచుమించు సమానమైతే బైకార్బొనేట్ మొత్తం పెద్దగా మారదు. దాన్నొక్కదాన్నే చూస్తే దారిలో ఏమీ జరగనట్టే ఉంటుంది, కార్బన్-14 మాత్రం కాలంతో నిమిత్తం లేకుండా తరిగిపోయి ఉంటుంది. గుట్టు బయటపెట్టేవి సల్ఫేటు, మెగ్నీషియం. ఒకటి ఎంత జిప్సం కరిగిందో చెబుతుంది, రెండోది ఎంత డోలమైట్ కరిగిందో చెబుతుంది. ఆ రెండూ తెలిశాక కాల్షియం లెక్కలో కక్కిన కాల్సైట్ ఎంతో బయటపడుతుంది. ఈ మార్పిడులన్నీ తీసేశాక అక్కడి నీటి వయసులు నిన్నమొన్నటి నుంచి సుమారు 23 వేల ఏళ్ల దాకా వచ్చాయి.

ఇన్ని సవరణల తర్వాత మిగిలేది వయసా, కోరుకున్న అంకేనా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ సవరణలు ఇష్టమొచ్చినట్టు చేసేవి కావు. కాల్షియం, మెగ్నీషియం, గంధకం, కార్బన్ అన్నీ ఒకేసారి సరిపోవాలి, ఆ లెక్క ఊహించిన కార్బన్-13 నీటిలో కొలిచిన దానితో కలవాలి. ఇదంతా కార్బన్-14 జోలికి పోకముందే జరుగుతుంది. నీరు ఎంత కార్బన్-14తో బయల్దేరిందన్న తొలి విలువ దగ్గర మాత్రం వివాదం తెగలేదని ఒప్పుకోవాలి. రాయి కరిగేటప్పుడు నేలవాయువు అందుతూనే ఉంటే కొత్త కార్బన్ వచ్చి చేరుతుంది, మొదలు 50 శాతం కాక 85 కావచ్చు. ఆ తేడా ఒక్కటే వయసును దాదాపు 4,400 ఏళ్లు జరుపుతుంది. 20 వేల ఏళ్ల నీటి విషయంలో ఇది ఓర్చుకోదగ్గ తప్పు, వెయ్యేళ్ల నీటి విషయంలో వయసు అన్న మాటకే అర్థం లేకుండా చేసే తప్పు. పోనీ, రాతితో పొత్తు లేని ఐసోటోపును పట్టుకోవచ్చు కదా? ట్రిటియం నీటి అణువులోనే ఉంటుంది, కానీ 12.3 ఏళ్లకు సగమవుతుంది, కాబట్టి అణుబాంబు పరీక్షల తర్వాతి వానలకే పనికొస్తుంది. జడవాయువైన ఆర్గాన్-39 అర్ధాయువు 270 ఏళ్లకు కాస్త తక్కువ, క్రిప్టాన్-81ది 2 లక్షల పైచిలుకు. వెయ్యేళ్లకూ ముప్పై వేల ఏళ్లకూ నడుమ ఉన్న నీటికి కార్బన్-14ను మించిన ఆధారం లేదు.

పరికరాల కథ త్వరగానే చెప్పేయవచ్చు. పాతరోజుల్లో బావి దగ్గరే పెద్ద పీపా నింపి, క్షారం పోసి, బేరియం క్లోరైడుతో తెల్లటి మడ్డిని దించి, గాలి తగలకుండా సీసాకెత్తేవారు. లీటరుకు 200 మిల్లీగ్రాముల బైకార్బొనేట్ ఉన్న నీటిలోంచి 3 గ్రాముల కార్బన్ తీయాలంటే 75 లీటర్ల పైమాటే. 1977లో వచ్చిన యాక్సెలరేటర్ పద్ధతి కార్బన్-14 విచ్ఛిన్నమయ్యే దాకా ఆగకుండా పరమాణువులనే లెక్కిస్తుంది. దానికి ఒక మిల్లీగ్రాము కార్బన్ చాలు, అంటే అదే నీరు 25 మిల్లీలీటర్లు. సీసా ఎంత చిన్నదైనా పీహెచ్‌ను మాత్రం ఈనాటికీ పంపు పక్కనే కొలవాలి. ప్రయోగశాలకు చేరేలోపు వాయువు తప్పించుకుపోతే పీహెచ్ పెరుగుతుంది, కాల్సైట్ పట్టని నీరు కూడా పట్టినట్టు కనిపిస్తుంది.